నీడ కుదువ పెట్టిన కొలువు

గండశిల కోటకు తలుపు లేదు. కొండ కడుపులోకి పోయే దారికి అడ్డంగా ఒక నల్లరాయి నిలబడి ఉంటుంది, అంతే. మాంత్రికుడు వక్రశిఖుడు అరచెయ్యి ఆనిస్తే ఆ రాయి పక్కకు జరుగుతుంది. నీడ ఉన్నవాణ్ణి దాటనిస్తుంది. నీడ లేనివాడు అడుగు పెడితే మాత్రం చటుక్కున మూసుకుని, నడుమ చిక్కినవాణ్ణి పిండి చేస్తుంది. ఇక ఆ కోట ఆచారమేమిటంటే, కొలువులో చేరేవాడు చేరిన పూటే తన నీడను యజమానికి కుదువ పెట్టాలి. మాంత్రికుడు దాన్ని పాదాల దగ్గర కత్తిరించి, దులిపి, నీడల కొట్టులో కొయ్యకు తగిలిస్తాడు. లోపలికి వెళ్లిన పనివాడెవడూ ఎందుకు తిరిగి రాలేదో వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ తెలిసే మంజులాపురి రాజకుమారుడు ఉదయభద్రుడు అక్కడికి వచ్చాడు. అతనికంటె ముందు అన్న జయభద్రుడు వచ్చాడు. గుర్రమెక్కి, కత్తి దూసి, తన పేరూ వంశమూ బిగ్గరగా చాటి మరీ వచ్చాడు. అదే కొంప ముంచింది. వక్రశిఖుడి మంత్రం అసలు పేరు పెట్టి పిలిచినవాడి మీదనే పడుతుంది. “జయభద్రా!” అని ఒక్క కేక వేసేసరికి అంతటి వీరుడూ గబ్బిలమై, సభామండపం కప్పుకు వేలాడే వందలాది గబ్బిలాల్లో కలిసిపోయాడు. అతని నీడ కొట్టులోకి పోయింది. ఆ నీడను కొయ్య మీది నుంచి దించి, మాంత్రికుడే తన నోటితో మళ్లీ పేరు పెట్టి పిలిస్తే తప్ప అతనికి మనిషి రూపు రాదు.

తమ్ముడు అందుకే వీరత్వాన్ని ఇంటి దగ్గర వదిలిపెట్టి, ఒంటికి మసి పూసుకుని, బొగ్గులు కాల్చుకునే పోలడినని చెప్పుకుని కొలువులో చేరాడు. పోలడి మీద ఏ మంత్రమూ పడదు, పోలడనేవాడే లేడు గనక.

కాని పుట్టి బుద్ధెరిగి ఒకరి కింద పని చెయ్యని మనిషికి పనివాడి వేషం అంత సులువా? మొదటి పూటే దొరికిపోబోయాడు. వంటింటి అరుగు మీద కూర్చుని, అలవాటు చొప్పున రెండు కాళ్లూ ముందుకు చాచి ఊరుకున్నాడు, ఎవరో పళ్లెం తెచ్చి కడుగుతారన్నట్టు! వంట చేసే పేరమ్మవ్వ గరిటె పట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

“పారాణి కూడా పెట్టమంటావా నాయనా?”

అంతలో వెనక నుంచి వక్రశిఖుడి గొంతు ఉరిమింది. “వాడేమిటే, రాజాధిరాజులా కాళ్లు చాస్తాడు?”

“ఆనెకాయలు ప్రభూ!” అంది అవ్వ తడుముకోకుండా. “బొగ్గుల బట్టీల్లో తిరిగిన కాళ్లు. మడవలేకపోతున్నాడు పాపం.”

మాంత్రికుడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. ఉదయభద్రుడు ఊపిరి పీల్చుకుని, లేచి, తన కాళ్లు తానే కడుక్కున్నాడు. సరిగ్గా కడుక్కోవడం కూడా రాలేదు. మడమల వెనక మట్టి అలాగే ఉండిపోయింది.

ఆ కోటలోని మండపం వైభవం చూసి తీరవలసిందే. వరసలు తీరిన స్తంభాలన్నీ నల్లని స్ఫటికం. స్తంభస్తంభానికీ వెండి తీగలతో అల్లిన సర్పాలు చుట్టుకుని ఉంటే, వాటి పడగల మీద వత్తి లేకుండానే పచ్చని దీపాలు వెలుగుతుంటాయి. నేలంతా నున్నటి నీలపురాయి పరిచారేమో, నడిచేవాడికి కాళ్ల కింద ఆకాశం ఉన్నట్టుంటుంది. నడుమ సింహపాదాల పీఠం మీద పెద్ద రాగి కాగు. దానిలో ఎప్పుడూ ఏదో ఒకటి రంగులు మారుతూ కుతకుత ఉడుకుతుంటుంది. ఇంత వెలుగులోనూ అటూ ఇటూ తిరిగే పనివాళ్లలో ఒక్కడికీ నీడ పడదు. ఉదయభద్రుడు కిందికి చూసుకున్నప్పుడల్లా గుండె జారిపోయేది. కాగు కింద తిరిగే ఎలుకకు కూడా నీడ ఉంది, తనకు లేదు.

అక్కడ మనుషులు ఉన్నారు గాని మాటలు లేవు. ఉన్నది ఒక్కటే మాట, “చిత్తం ప్రభూ.” ఈవేళ పౌర్ణమా, అమావాస్యా అని మాంత్రికుడు అడిగినా, “చిత్తం ప్రభూ” అనేవాళ్లే. 

“నీడల కొట్టు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అవ్వా?” అని ఒకనాడు ఉదయభద్రుడు వంటచెరుకు అందిస్తూ అడిగాడు.

“కొలువుపెద్ద దగ్గర. వాడికైతే నీడ కూడా తిరిగి ఇచ్చేస్తారట.”

“ఇప్పుడు ఎవరు కొలువుపెద్ద?”

పేరమ్మవ్వ గరిటెతో కప్పు వైపు చూపించింది. “అదిగో, ఆ మూల వేలాడుతున్నాడు. ప్రభువులు చేసేవన్నీ బాగున్నాయి బాగున్నాయి అనేవాడు. ఒకనాడు బాగుండలేదు, వీడి పని అయిపోయింది. ప్రభువుల చేత మంచివాడనిపించుకోవాలి నాయనా, అదొక్కటే దారి.”

“ఎలా అనిపించుకోవాలి?”

“అది తెలిస్తే నేనిక్కడ పొయ్యి ఎందుకు ఊదుతాను?”

ఉదయభద్రుడు ఆలోచనలో పడ్డాడు. తనకు సేవ చెయ్యడం రాదు గాని చేయించుకోవడం బాగా వచ్చు కదా! మంజులాపురిలో తాను ఎవరి మాట నమ్మేవాడు? ముఖం మీద పొగిడే సభికుల మాటా? కాదు. గుర్రపుసాల చూసే కావడయ్య మాట. “ఇవాళ దీన్ని ఎక్కొద్దు బాబూ, డెక్క వాచింది. ఆ చుక్కల గుర్రాన్ని సిద్ధం చేశాను” అనేవాడు కావడయ్య. కాదన్నా కోపం వచ్చేది కాదు, చేతిలో రెండో గుర్రం కళ్లెం ఉండేది గనక. సరే, తాను కావడయ్య కావాలి. అది తప్ప అన్నను దించుకునే దారి లేదు.

అవకాశం మర్నాడే వచ్చి నెత్తిన పడింది. వక్రశిఖుడు ఎన్నేళ్లుగానో సాధిస్తున్నది అగ్నిజిహ్వ అనే మంట. అది అరచేతిలో నిలిస్తే ఎదురుగా ఎంతటి సైన్యమున్నా బూడిదేనట. ప్రతిసారీ ఎక్కడో తప్పిపోతున్నది. ఆ రోజు పనివాళ్లంతా చుట్టూ నిలబడి ఉన్నారు. ఉదయభద్రుడు మూలికల పళ్లెం పట్టుకున్నాడు. “రుద్రజడ” అంటూ మాంత్రికుడు పళ్లెం మీద వేళ్లు తచ్చాడించి, ఒక ఆకును తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, వదిలేసి పక్కది తీశాడు. అప్పుడు తట్టింది ఉదయభద్రుడికి. ఈయనకు చూపు లేదు! ఉన్నా మసకే. ఆ మాట పైకి అనడానికి ఆయనకు అభిమానం అడ్డం, చెప్పడానికి మిగతావాళ్లకు భయం అడ్డం.

“అది కాదు ప్రభూ” అన్నాడు.

మండపం బిగుసుకుపోయింది. ఎవరో చేతిలోని చెంబు వదిలేశారు.

“ఏమన్నావు?”

ఉదయభద్రుడు దగ్గరికి వెళ్లి, ఆయనకు మాత్రమే వినపడేలా, “అది భూతకేశి. మీరడిగేది రుద్రజడ. రెండింటినీ పక్కపక్కన పెట్టాను, తప్పు నాది” అన్నాడు.

“నాకు ఆకులు నేర్పుతావురా, బొగ్గులవాడా!” అని వక్రశిఖుడు ఆ ఆకునే కాగులోకి విసిరాడు.

కాగు ఢమాలున పగిలింది. దానిలో నుంచి తాడిచెట్టంత నిప్పుపాము బుస్సుమంటూ లేచి, ఎదురుగా ఉన్న స్తంభాన్ని చుట్టి మైనంలా కరిగించేసింది. చిత్తం ప్రభువులందరూ తలా ఒక దిక్కుకు పరుగు! మాంత్రికుడు కాలు జారి వెల్లకిలా పడ్డాడు. పాము తల తిప్పి ఆయన మీదికి వంగింది. ఉదయభద్రుడు మర్యాదలు చూసుకోలేదు. అందిన చోట, అంటే ఆ వంకర సిగ పట్టుకుని, యజమానిని నేల మీద బరబరా ఈడ్చాడు. పాము వెంటపడింది. స్తంభం చాటుకు దూకి, పీఠం మీది నుంచి దొర్లి, పక్కనున్న పెద్ద గంగాళాన్ని తన్ని బోర్లించాడు. అది సరిగ్గా పాము పడగ మీద పడింది. లోపల కాసేపు ధడధడ కొట్టుకుని, పొగ వదిలి, చల్లారిపోయింది.

వక్రశిఖుడు లేచి కూర్చున్నాడు. సిగలో సగం ఉదయభద్రుడి గుప్పిట్లోనే ఉండిపోయింది. ఇక వీడు గబ్బిలమే అని అందరూ కప్పు వైపు చూశారు, ఏ మూల చోటుందా అని. మాంత్రికుడు చేత్తో విసురుగా సైగ చేసి మిగతా అందరినీ పంపేశాడు. తరవాత నేల వైపు చూస్తూ అడిగాడు.

“ఏ ఆకు అన్నావు?”

నాటి నుంచి ఉదయభద్రుడు యజమాని పోకడలన్నీ కనిపెట్టసాగాడు. పొద్దున్నే ఆయనకు మోకాళ్ల నొప్పి. వేడి అంబలి లోపల పడి, మోకాళ్లకు నూనె పట్టించేవరకు పలకరిస్తే మండిపడతాడు. చెడ్డ కబురు ఏదైనా అంబలి సగమయ్యాక చెప్పాలి, అదీ ఏకాంతంగా, విరుగుడు చేతిలో పెట్టుకుని. “కొత్త కాగుకూ పగులు వచ్చింది ప్రభూ. అతికే మనిషిని కూర్చోబెట్టాను, సాయంత్రానికి అయిపోతుంది” అంటే ఆయన హుంకరించి ఊరుకునేవాడు. పళ్లెంలో ఏ మూలిక చోటు దానిదే, ఇటుది అటు కాకూడదు. అందించేటప్పుడు పేరు మెల్లగా పలికేవాడు. మిగతా పనివాళ్లు అది కూడా మంత్రంలో భాగమనుకున్నారు. చూపు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఒకసారి పులికొవ్వు భాండం తన చేతి నుంచే జారి పగిలింది. ఎవరో చాడీ చెప్పేలోగా తానే వెళ్లి చెప్పాడు. వక్రశిఖుడు గరిటె విసిరాడు. అది భుజానికి తగిలింది. మర్నాడు అంబలి తాగుతూ, “తగిలిందా?” అని అడిగాడు. “తగిలింది ప్రభూ” అన్నాడు ఉదయభద్రుడు. “ఊఁ” అని ఆయన తన మోకాళ్ల నూనె గిన్నె ఇటు జరిపాడు.

జాలి వేసింది ఉదయభద్రుడికి. వెంటనే తన మీద తనకే ఒళ్లు మండింది. నెత్తిమీద వేలాడుతున్నది సొంత అన్న! ఏ గబ్బిలం రెక్క విదిల్చినా అన్నేనేమోనని ఉలిక్కిపడే తాను, ఆ పని చేసినవాడి మోకాళ్లు నొక్కుతున్నాడు, పైగా ఆప్యాయంగా నొక్కుతున్నాడు.

“మరీ అంత మంచివాడివి కాకు నాయనా” అంది పేరమ్మవ్వ. “నీ చేతి అంబలి తప్ప ముట్టనంటున్నాడు. కోపం వస్తే కప్పుకు వేలాడదీస్తాడు, సరే. ఇష్టం పెరిగితే ఏం చేస్తాడో నాకు తెలియదు.”

అది తెలిసే రోజు రానే వచ్చింది.

“ఒరే పోలడా, ఆ మూలికల పళ్లెం తీసుకుని నా వెంట రా” అన్నాడు వక్రశిఖుడు. మండపం వెనక సందులో ఎముకతో చేసిన తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు. “ఈ పూట నుంచి నువ్వే కొలువుపెద్దవి. తెరువు.”

ఇన్నాళ్ల చాకిరీ ఈ ఒక్క తలుపు కోసమే. లోపల గోడ పొడుగునా కొయ్యలు, కొయ్యకొక నీడ. ఆరవేసిన నల్లచీరల్లా వేలాడుతూ, గాలి లేకపోయినా మెల్లగా కదులుతున్నాయి. వక్రశిఖుడు దగ్గరి కొయ్య తడిమి ఒకటి తీశాడు.

“ఇది నీదే. కొలువుపెద్దకు నీడ తిరిగి ఇవ్వడం మా కోట మర్యాద.”

నీడ కిందికి జారి, పాదాలకు తాకగానే అతుక్కుంది. ఎంతకాలానికి! ఉదయభద్రుడికి కళ్ల నీళ్లు తిరిగాయి. ఇక నల్లరాయి తనను ఆపలేదు.

“కుట్టు” అన్నాడు వక్రశిఖుడు.

“ఏమి కుట్టాలి ప్రభూ?”

“దీని కొసను నా నీడ అంచుకు కుట్టు. నీలాంటివాడు ఈ జన్మకు మళ్లీ దొరకడురా. నేను నడిస్తే నువ్వు నడవాలి, నేను ఆగితే నువ్వూ ఆగాలి. కుట్టు పడ్డాక నువ్వు అబద్ధమాడితే నీ నీడ వణుకుతుంది, ఆ వణుకు నాకు తెలుస్తుంది. ఇంతకంటె గొప్ప గౌరవం నేను ఎవరికీ ఇవ్వలేదు.”

ఆయన నిజంగా ప్రేమతోనే అంటున్నాడు. అదే భయంకరం. ఏదుముల్లు సూదిలోకి సాలెదారం ఎక్కించబోయి, ఆయన ఒకసారి తప్పాడు, మళ్లీ తప్పాడు. రెండూ ఉదయభద్రుడి చేతికి ఇచ్చేశాడు. కాదంటే తలుపు మూసుకుంటుంది, అన్న దక్కడు. తన సంకెల తానే కుట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది అతనికి. ఆఖరి ముడి పడగానే ఇద్దరి పాదాలూ ఒక్కసారి నేలకు అంటుకుపోయినట్టయింది. మాంత్రికుడు కుడికాలు జరిపితే అతని కుడికాలు దానంతట అదే జరిగింది.

“ఇప్పుడు పళ్లెం పట్టు. ఈ రోజు తప్పదు, వచ్చి తీరుతుంది.”

రుద్రజడ. వజ్రవల్లి. భూతకేశి. ఉదయభద్రుడు ఒక్కొక్క పేరే పలుకుతూ అందించాడు. పళ్లెంలో నాలుగైదు ఆకులు మిగిలాయి, ప్రయోగం వికటిస్తే నిప్పు ఆర్పడానికి ఉంచే శాంతిమూలిక కూడా వాటిలోదే. వక్రశిఖుడు అందుకున్నవాటిని అరచేతిలో నలిపి, మంత్రం చదివి చెయ్యి చాచాడు. అరచేతిలో జానెడు మంట, నాలుకలా, నిశ్చలంగా నిలబడింది.

“వచ్చిందిరా!” అని ఆయన చిన్నపిల్లవాడిలా అరిచాడు. “వచ్చింది! త్వరగా, దీనికి మొదటి ఆహారం క్షత్రియుడి నీడ. ఈ కొట్టులో ఒక్కటే ఉంది. ఆ మూల కొయ్యది తియ్యి. వెయ్యకపోతే నా చేతినే తింటుంది.”

మాంత్రికుడు అటు అడుగు వేస్తే తానూ అడుగు వేసి, ఉదయభద్రుడు మూల కొయ్యది అందుకుని చూశాడు. ఎత్తైన మనిషి నీడ. ఎడమ భుజం కొంచెం వంగి ఉంది. చిన్నప్పుడు తనను ఏనుగు తొండం కింది నుంచి లాగబోయి విరగ్గొట్టుకున్న భుజం అది.

“ఏం ఆలస్యం? వెడల్పు భుజాలున్న నీడే కదా? చేతిలో ఉన్నది చెప్పడం మానేశావేం?”

కాదంటే నీడ వణుకుతుంది. ఔనంటే అన్న బూడిద. ఉదయభద్రుడు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కావడయ్య చెప్పినట్టే చెప్పాడు.

“ఇది మా అన్నయ్యది ప్రభూ. జయభద్రుడిది.”

మంట చిటపటలాడింది. వక్రశిఖుడు అతని వైపు తిరిగాడు. ఉదయభద్రుడికీ తిరగక తప్పలేదు.

“మరి నువ్వెవరు?”

“ఉదయభద్రుణ్ణి. మంజులాపురి రాజకుమారుణ్ణి.”

నీడ వణకలేదు. నిజమేనని మాంత్రికుడికి తెలిసిపోయింది. “అయితే ఈ కొట్టులో క్షత్రియుల నీడలు ఒకటి కాదు, రెండున్నాయన్న మాట” అన్నాడు నెమ్మదిగా. మంట వేళ్ల కొసలకు ఎగబాకుతోంది, నొసటన చెమట కారుతోంది. “నువ్వెప్పుడూ నాకు మంచి సలహాయే చెప్పావు. ఇప్పుడూ చెప్పు. ఏది వెయ్యను?”

“నాది వేస్తే నిప్పు కుట్టు దాటి మీ నీడకు పాకుతుంది. మా అన్నది నేను వదలను. రెండూ కాని దారి ఒకటుంది ప్రభూ, శాంతిమూలిక.” ఉదయభద్రుడు పళ్లెంలో మిగిలిన ఆకులన్నీ గుప్పిట్లోకి తీసుకుని కలిపేశాడు. “ఇందులోనే ఉంది. కాని ఏది ఏదో మీకు కనబడదు. నేను చెప్పాలి.”

ఇన్నాళ్లూ ఇద్దరూ ఎత్తని మాట అది. వక్రశిఖుడు చెంపదెబ్బ తిన్నవాడిలా తల తిప్పుకున్నాడు. ఉదయభద్రుడికి సిగ్గు వేసింది, అయినా గుప్పిట విప్పలేదు.

“నమ్మానురా నిన్ను” అన్నాడు మాంత్రికుడు పళ్లు బిగబట్టి.

“ఇప్పుడూ నమ్మండి. మా అన్నయ్యను పేరు పెట్టి పిలవండి. పిలిచిన మరుక్షణం సరైన ఆకు మీ చేతిలో పెడతాను. నా నీడ వణికిందేమో మీరే చూసుకోండి.”

వక్రశిఖుడు కుట్టు వైపు తల వంచి, ఊపిరి బిగబట్టి చూశాడు. వణకలేదు. మంట మణికట్టు దాటింది. ఇద్దరు అన్నదమ్ముల అసలు పేర్లూ ఇప్పుడు ఆయన నాలుక మీద ఉన్నాయి. ఒక పేరు పిలిస్తే ఒకడు మనిషవుతాడు, రెండో పేరు పిలిస్తే రెండోవాడు గబ్బిలమవుతాడు, ఆకు చెప్పేవాడు ఉండడు. పారిపోదామన్నా ఉదయభద్రుడి పాదాలు ఆయన పాదాలతోనే కట్టుబడి ఉన్నాయి.

వక్రశిఖుడు నోరు తెరిచాడు.